నెల తప్పిన ఆడబిడ్డకు నడక ఎంత, మగ్గం ఎంత

(హుమ్నాబాద్‌లో మన నేత కుటుంబాల మహిళా సభలో చేసిన ప్రసంగం)



వార్షికోత్సవానికి ఏదైనా మాట్లాడమని సమాఖ్యవారు అడిగినప్పుడు నూలు ధర మీద మాట్లాడతారా, రిబేటు బకాయిల మీద మాట్లాడతారా అన్నరు. ఆ రెండూ మేము ఎన్నో ఏండ్ల నుంచి మాట్లాడుతూనే ఉన్నాము. వినేవాళ్లు కూడా అలసిపోయిన్రు. అందుకని ఈసారి వేరే ముచ్చట పెట్టుకున్నాము. నెల తప్పిన తొలి మూడు నెలల్లో ఆడబిడ్డ ఎంత కదలాలె, ఏ పని చెయ్యొచ్చు, ఏది వద్దు అన్నది ఆ ముచ్చట. ఇది వినంగనే మా ఆఫీసులో ఒకరిద్దరు నవ్విన్రు. సెక్రటరీకి ఆడవాళ్ల ముచ్చట ఎందుకు అన్నరు. నిజమే, మేము చదివింది ఎనిమిదో తరగతి, మేము డాక్టర్లము కాము. కానీ ఏ ఇంటికి ఎన్ని పడుగులు, ఎన్ని రోజుల గడువుతో ఇవ్వాలో పుస్తకంలో రాసేది మేమే. ఆ గడువే ఈ ముచ్చటలో సగం. తక్కిన సగం ఆసుపత్రిలో డాక్టరమ్మను, సిస్టరమ్మను రెండు మూడు సార్లు కలిసి, అడిగి, కాగితం మీద రాసుకొచ్చినాము.

ఇంకో కారణం కూడా ఉన్నది. సర్కారు 2019-20లో చేసిన నాలుగో చేనేత గణనలో దేశం మొత్తం మీద చేనేత పనివాళ్లు 35 లక్షల పైచిలుకు. నేసేవాళ్లలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే. సంఘం పుస్తకాల్లో పేరు మొగుడిది ఉంటది. కండెలు చుట్టేది, పోగులు అతికేది, సగం రోజు మగ్గంలో కూర్చునేది ఆమె. ఆమె ఆరోగ్యం సంఘం సంగతి కాదంటే మరి సంఘం ఎవరిది?

ఒక సంగతి చెప్తాము. చాలా ఏండ్ల కింద జరిగింది. ఇన్నాళ్లు బయట చెప్పలేదు.

మన వీరభద్రేశ్వర జాతర ముందు రోజులు. జాతరకు సరుకు అందాలని అందరి మీద తొందర పెట్టినాము. జహీరాబాద్ దిక్కు నుంచి వచ్చిన ఒక కోడలు ఉండె. పొద్దున మగ్గం, రాత్రి రాట్నం. నడుము పట్టుకుపోతుందని సాయంత్రం ఆడబిడ్డతో కలిసి మాణిక్‌నగర్ దాకా నడిచి వచ్చేది. ఆమె నెల తప్పి అప్పటికే రెండు నెలలు. అత్తకు తెలుసు, మొగుడికి తెలుసు, బయట ఎవరికీ తెలియదు. మూడు నెలలు నిండే దాకా చెప్పొద్దు, దిష్టి తగులుతుందని మన దగ్గర ఆచారం కదా. ఒక రోజు ఎరుపు కనపడ్డది. రెండు రోజుల్లో కడుపు పోయింది.

అత్త ఏమన్నది? గుడికని, గాలికని తిరిగింది, అందుకే పోయింది అన్నది. ఆడబిడ్డ ఏమన్నది? మగ్గం తొక్కింది, అందుకే పోయింది అన్నది. వాడకట్టులో ఇంకొకరు బొప్పాయి అన్నరు. మేమేమి చేసినాము? సరుకు పది రోజులు ఆలస్యమైందని మజూరీలో కోత రాసినాము. రాసింది ఈ చెయ్యే. సంగతి తెలిసినాక ఆ కోత కొట్టేసినాము. కానీ రాసిన రోజు రాసినాము.

తర్వాత ఎన్నో ఏండ్లకు ఆమె ఒక పెండ్లిలో కనపడి, "కాకా, అప్పుడు అందరూ ఏం చేసినవు ఏం చేసినవు అని అడిగిన్రు గాని, ఎట్లున్నవు అని ఒక్కరు అడగలే" అన్నది. ఆమెకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. అయినా ఆ మాట ఆమె మరిచిపోలేదు, మేమూ మరిచిపోలేదు.

డాక్టరమ్మను మేము మొదట అడిగింది ఇదే. నడిచినందుకు పోయిందా, మగ్గం తొక్కినందుకు పోయిందా? రెండూ కాదు అన్నరు. కడుపుతోని ఉన్నట్టు తెలిసినవాళ్లలో పదిమందికి ఒకరిద్దరికి తొలి నెలల్లోనే పోతదట, ఏ దేశంలోనైనా అంతే. అట్లా పోయినవాటిలో దగ్గర దగ్గర సగం, బిడ్డ ఏర్పడేటప్పుడే క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోయినవే. మన భాషలో చెప్పాలంటే, పడుగు పోసేటప్పుడే పోగుల లెక్క తప్పింది. తర్వాత ఎంత నేర్పుగా నేసినా ఆ బట్ట కుదరదు. నేసినదాని తప్పు ఏమున్నది? మామూలుగా ఆరోగ్యంగా ఉన్న మనిషి నడిస్తే, వంగితే, మెట్లెక్కితే కడుపు పోదు. ఈ మాట అత్తలు వినాలె. కోడళ్లకు ఈ మాట తెలియక కాదు, చెప్పే ధైర్యం లేక ఊరుకుంటున్నరు.

మన ఇండ్లల్లో రెండు రకాల పెద్దమ్మలు ఉంటరు. ఒకరు, "మేము నొప్పులు వచ్చేదాకా గుంతలో కూర్చుని నేసినం, లేచి పోయి కన్నం, మీకేమి రోగం" అంటరు. రెండో ఆమె, "మూడు నెలలు కాలు కింద పెట్టొద్దు, మంచం దిగొద్దు" అంటది. ఇద్దరిదీ ప్రేమే, కాదనము. కానీ ఇద్దరి మాటా సగమే.

మంచం సంగతి ముందు చూద్దాము. కడుపుతోని ఉన్నప్పుడు కదలకుండా పడుకుంటే బిడ్డ నిలుస్తుందని రుజువు లేదు. పైగా ఊరికే పడుకుంటే మలబద్ధకం, నడుము నొప్పి, కాళ్లు బరువెక్కుడు, రక్తం గడ్డ కట్టే ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ఏమంటే, డాక్టరు వద్దని చెప్పని ప్రతి గర్భిణి వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు కసరత్తు చెయ్యాలె. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. అదీ ఒక్కసారే చెయ్యనక్కరలేదు. పొద్దున పది నిమిషాలు, మధ్యాహ్నం తిన్నాక కొంచెం ఆగి పది, సాయంత్రం పది. ముందు నుంచి అలవాటు లేనివాళ్లు ఐదు నిమిషాలతో మొదలుపెట్టి వారం వారం పెంచుకోవచ్చు. దీంతో తర్వాతి నెలల్లో షుగరు, బీపీ వచ్చే అవకాశం తగ్గుతుంది, నిద్ర మంచిగ పడుతుంది, మనసు తేలికగా ఉంటది.

గమ్మత్తు ఏమంటే ఈ భయం మన దగ్గరే కాదు, పెద్ద దేశాల్లో కూడా ఉండె. అమెరికాలో ప్రసూతి డాక్టర్ల సంఘం 1985లో గర్భిణులు కసరత్తు చేస్తే గుండె నిమిషానికి 140 సార్లకు మించి కొట్టుకోవద్దని గీత గీసింది. 1994లో ఆ గీత తీసేసింది. ఇప్పుడు చెప్పే లెక్క చాలా సులువు. నడుస్తూ పక్కనున్నవాళ్లతో ముచ్చట చెప్పగలగాలె. పాట పాడదామంటే మాత్రం ఊపిరి అందకపోవాలె. అంత వేగం చాలు. ముచ్చట కూడా చెప్పలేకపోతున్నదంటే ఎక్కువైందని అర్థం, వేగం తగ్గించాలె. దీనికి మిషను వద్దు, ఫోను వద్దు. మన ఆడవాళ్లకు ముచ్చట చెప్పుడు రాదా ఏంది?

ఇక మొదటి పెద్దమ్మ మాట. మగ్గం తొక్కుడే కసరత్తు కదా, మళ్లీ వేరే నడక ఎందుకు? ఈ మాట మేము కూడా చానా రోజులు నమ్మినాము. మన తెలంగాణలో ఆలేరు దగ్గరి శారాజిపేటలో చింతకింది మల్లేశం గారి ముచ్చట మీకు తెలుసు, సినిమా కూడా వచ్చింది. వాళ్లమ్మ లక్ష్మమ్మ గారు ఆసు పోసేది. ఒక్క చీరకు చెయ్యి 9 వేల సార్లు ముందుకు వెనక్కు తిప్పాలని చెప్తరు. చెయ్యి అంత కదిలితే భుజం గట్టిపడాలె కదా? గట్టిపడలేదు, భుజం పోయింది. తల్లి నొప్పి చూడలేక ఆయన ఏండ్ల తరబడి తిప్పలు పడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేసిన్రు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మేము చెప్పేది ఏమంటే, ఒక్క కీలు, ఒక్క తీరుగా, రోజంతా ఆడితే అది కసరత్తు కాదు, అరుగుదల. గుంత మగ్గంలో పాదాలు ఆడతాయి, చేతులు ఆడతాయి. నడుము, మెడ వంగినకాడనే ఉంటాయి. ఊపిరితిత్తులకు, గుండెకు అందాల్సిన పని అందదు. గంటల తరబడి లేవకుండా కూర్చునుడే అసలు ఇబ్బంది.

అయితే మగ్గం విషమా? కాదు. ఇది గట్టిగా చెప్పాలె, ఎందుకంటే భయపడి మగ్గం పూర్తిగా మానేస్తే ఇల్లు గడవదు. తొలి మూడు నెలలు గర్భసంచి కటి ఎముకల గూటి లోపలనే ఉంటది. పలక తొక్కితే, దోనె పొట్టకు తగిలితే బిడ్డకు దెబ్బ తగలదు. పొట్ట పైకి వచ్చినాక ఆ సంగతి వేరు, అప్పుడు దోనెకు, పొట్టకు మధ్యన జాగా చూసుకోవాలె. తొలి నెలల్లో చూసుకోవాల్సింది గుంతలోకి దిగుడు, ఎక్కుడు. వేవిళ్లతో, కండ్లు తిరుగుతూ, ఒంటి చేత్తో దోనె పట్టుకుని దిగే అలవాటు చానామందికి ఉన్నది. అక్కడ ఒక ఇటుకల మెట్టు కట్టండి. మొగోళ్లకు అది గంట పని. ముప్పావు గంటకు ఒకసారి లేచి ఇంటి ముందు రెండు చుట్లు తిరగాలె, నీళ్లు తాగాలె, మూత్రం ఆపుకోవద్దు. గడువు తరుముతుందని ఆపుకునేవాళ్లు ఉన్నరు, మాకు తెలుసు.

నూలు బండిల్ ఒకటి నాలుగున్నర కిలోలు ఉంటది. ఒకటి దగ్గరగా పట్టుకుని, మోకాళ్లు వంచి లేపితే ఆరోగ్యంగా ఉన్నదానికి ఏమీ కాదు. ఐదారు కట్టి నెత్తిన పెట్టుకుని సంఘం నుంచి ఇంటి దాకా మొయ్యొద్దు. నిండు బిందెలు ఎత్తుడు, మంచాలు, పెట్టెలు జరుపుడు మొగోళ్లు చెయ్యాలె.

అద్దకం దగ్గరికి మాత్రం పోనేపోవద్దు. ఇందులో మా దగ్గర బేరం లేదు. కాస్టిక్ సోడా, హైడ్రోస్, నాఫ్తాల్ రంగులు, మరుగుతున్న నీళ్ల ఆవిరి. కడుపుతోని ఉన్నదానికి ఆ గది మంచిది కాదు, నిజానికి ఎవరికీ మంచిది కాదు. రంగు తడి నూలు పిండుడు, ఆ బట్టలు ఉతుకుడు కూడా వద్దు. సోలాపూర్ పోయి స్థిరపడిన మన బంధువుల ఇండ్లల్లో సాంచెల చప్పుడు ఒకవైపు, బీడీలు చుట్టుడు ఒకవైపు. బీడీ తంబాకు దుమ్ము చేతికి, ముక్కుకు అంటుతుంది. సెలవులకు వచ్చినప్పుడు వాళ్లకూ ఈ మాట చెప్పండి. ఇక్కడ పండ్లకు మిశ్రీ రుద్దే అలవాటు ఉన్నవాళ్లు కూడా అది తంబాకే అని తెలుసుకోవాలె.

ఎండ సంగతి. బిడ్డకు మెదడు, వెన్నెముక ఏర్పడే గొట్టం గర్భం నిలిచిన నెల రోజుల లోపలనే మూసుకుంటది. అప్పటికి చానామందికి నెల తప్పిన సంగతి కూడా సరిగ్గా తెలిసి ఉండదు. ఆ రోజుల్లో ఒళ్లు బాగా వేడెక్కుడు మంచిది కాదని డాక్టర్లు చెప్తరు. మన బీదర్ జిల్లాలో ఎండకాలం ఎట్లుంటదో చెప్పనక్కరలేదు. కాబట్టి నడక పొద్దు పొడవక ముందు గాని, పొద్దు గూకినాక గాని. హైవే పక్కన వద్దు, లారీల పొగ. గుడి ఆవరణ, బడి మైదానం, లేదంటే సొంత వాకిలే చాలు. గట్టి చెప్పులు వేసుకోవాలె. పరగడుపున వద్దు, ఒక అరటిపండో, రొట్టె ముక్కో తిని పోవాలె. ఉపవాసం రోజు నడక మానాలె. మేమైతే ఆ నెలల్లో ఉపవాసమే మానమంటాము, దేవుడు ఏమీ అనుకోడు. ఆ గొట్టం సరిగ్గా మూసుకోవడానికే ఫోలిక్ యాసిడ్ గోళీ ఇస్తరు. నెల తప్పంగనే ఆశమ్మను అడిగి తీసుకోవాలె. పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే వేసుకుంటే ఇంకా మంచిది. ఐరన్ గోళీలు నాలుగో నెల నుంచి, 180 రోజులు. చాయతో వేసుకుంటే పని చెయ్యవు.

ఇంట్లో చేసే కసరత్తులు సిస్టరమ్మ మూడు చూపించిన్రు. మగ్గంలో కూర్చున్నకాడనే పాదాలు గుండ్రంగా తిప్పుడు. చేతులు, మోకాళ్ల మీద వంగి, పిల్లి లెక్క వీపు పైకి లేపి మెల్లగా దించుడు, ఇది నేతపని నడుముకు చానా హాయి. మూడోది మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలు బిగబట్టి ఐదు అంకెలు లెక్కపెట్టి వదులుడు, పదిసార్లు. మూత్రం పోసేటప్పుడు కాదు, మామూలుగా కూర్చున్నప్పుడు చెయ్యాలె. మూడోది చెప్పేటప్పుడు మేము తల దించుకుని రాసుకున్నాము. కానీ కాన్పు తర్వాత దగ్గితే తుమ్మితే మూత్రం పడే బాధ ఎంతమందికి ఉన్నదో, దానికి ఇదే మందు అని విన్నాక సిగ్గు పోయింది. ఎగురుడు, పడిపోయే ప్రమాదం ఉన్న ఆటలు, కీళ్లు సాగదీసే ఆసనాలు వద్దు. ఈ రోజుల్లో కీళ్ల పట్టు సడలి ఉంటది. ఫోన్లో చూసి యోగా చేసే చదువుకున్న కోడళ్లు ఇది గుర్తు పెట్టుకోండి.

అందరికీ ఒక్కటే లెక్క కాదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఎరుపు కనపడుతున్నవాళ్లు, ముందు కాన్పు నెలలు నిండక ముందే అయినవాళ్లు, గర్భసంచి మూతికి కుట్టు పడ్డవాళ్లు, కవలలు ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. రక్తం తక్కువ ఉన్నవాళ్లు కూడా. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా అదే స్థితి. నాలుగు అడుగులకే ఆయాసపడే కోడలిని బద్ధకం అనకండి, ముందు రక్తం పరీక్ష చేయించండి. వాంతులతో నీళ్లు కూడా నిలవకపోతే నడక కాదు, ఆసుపత్రి.

నడిచేటప్పుడు ఎరుపు కనపడ్డా, కడుపులో నొప్పి వచ్చినా, కండ్లు తిరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా అక్కడనే ఆపాలె, డాక్టరుకు చూపించాలె. పొత్తికడుపులో ఒక పక్క విపరీతమైన నొప్పి, దానితో సొమ్మసిల్లుడు ఉంటే, గర్భం సంచిలో కాక నాళంలో నిలిచి ఉండొచ్చు. అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. పొద్దున చూద్దామనొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

సర్కారు ఇచ్చేవి కూడా వాడుకోవాలె. ప్రతి నెల 9వ తారీఖున సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తరు, 2016 నుంచి నడుస్తున్నది. అది ముఖ్యంగా నాలుగో నెల నుంచి. తాయి కార్డు మాత్రం ముందే చేయించుకోవాలె. మాతృపూర్ణ పథకం 2017 అక్టోబర్ 2న మొదలైంది, గర్భిణి అంగన్‌వాడీకి పోయి వేడి అన్నం తినాలె. కోడలు అక్కడికి పోయి తింటే మన ఇంటి పరువు పోతదని ఆపేవాళ్లు ఉన్నరు. పరువు పోదు. పోయి వచ్చుడు ఒక నడక, కడుపు నిండా తిండి, ఆ వాడకట్టు గర్భిణులతో నాలుగు ముచ్చట్లు.

ఇదంతా చెప్పినాక డాక్టరమ్మ ఒక్కటి అడిగిన్రు. ఇవన్నీ సరే, మూడు నెలలు ఎవరికీ చెప్పరు కదా, మరి ఈ అరగంట ఆమెకు ఎవరు ఇస్తరు? మేము జవాబు చెప్పలేకపోయినాము. పని తగ్గించాల్సిన మూడు నెలలూ, ఎవరికీ తెలియని మూడు నెలలూ ఒక్కటే. పొట్ట కనపడినాక అందరూ కూర్చో కూర్చో అంటరు. వేవిళ్లతో, నిద్ర ముంచుకొచ్చి, తల తిరిగి చస్తున్నప్పుడు ఎవరికీ తెలియదు. అరగంట నడకంటే అరగంట మజూరీ పోయినట్టే. మూరలెక్కన బతికే ఇంట్లో ఆ అరగంట ఆమె అంతట ఆమె తీసుకోలేదు. అత్త ఇవ్వాలె, మొగుడు ఇవ్వాలె, సంఘం ఇవ్వాలె.

వాడకట్టంతా చాటమని మేము చెప్పము. ఆచారం ఉండనీయండి. ఇంట్లోవాళ్లు కాక ఒక్క ఆశమ్మకు, ఒక్క సంఘానికి చెప్పండి. మా సంఘం కమిటీలో మొన్న మాట్లాడుకున్నాము. సంఘం ఇచ్చే పుస్తకంలో పడుగు నంబరు, ఇచ్చిన తేదీ, గడువు అని గడులు ఉంటాయి. ఇక నుంచి ఏ ఇంటి అత్త గాని, మొగుడు గాని, కోడలే గాని వచ్చి "గడువు కావాలె" అని ఒక్క మాట అంటే, కారణం అడగము. పది రోజులు పెంచి రాస్తాము, కోత ఉండదు, మూడు నెలలు అద్దకం పని ఆ ఇంటికి పంపము. పుస్తకంలో కారణం గడి ఖాళీగానే ఉంటది. ఎవరికైనా మాతో చెప్పడానికి మొహమాటం ఉంటే, నూలు తూచే దగ్గర కూర్చునే మన అమ్మాయికి చెప్పండి. ఆమెకు కూడా ఇదే చెప్పి పెట్టినాము. సోమవారం నుంచే మొదలు.